అంబాసిడర్ 1489 సీసీ పెట్రోలు: డిస్ట్రిబ్యూటర్ తీసి బిగించాక కార్బురేటర్‌లోంచి పేలుతోంది

కావలి అంబాసిడర్ రాసినది:

అందరికీ నమస్కారం. మా నాన్నగారు 1984లో కొన్న అంబాసిడర్ మార్క్ 4 ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. నాలుగేళ్ళ క్రితం నెల్లూరులో ఒక షెడ్డులో ఇంజను దించి బోరు పని చేయించాము. అప్పటి నుంచి బండి తిరుగుతూనే ఉంది గాని లాగుడు మాత్రం మునుపటిలా లేదు. పాతబడ్డాక ఇంతేలే అనుకుని సరిపెట్టుకున్నాము.

మొన్న ఆదివారం సీబీ పాయింట్లు (కాయిల్ కరెంటును తెంచే కాంటాక్టులు), కండెన్సర్, మూత, రోటర్ (మూత లోపల తిరిగే ముక్క), ప్లగ్గు వైర్లు అన్నీ ఒకేసారి కొత్తవి వేద్దామని, నిప్పురవ్వను వరుసగా ఒక్కో ప్లగ్గుకు పంచే డిస్ట్రిబ్యూటర్‌ను బయటికి తీశాను. తీసేముందు గుర్తు పెట్టుకోలేదు, ఫోనుతో ఒక ఫొటో కూడా తీసుకోలేదు. వైర్లు అన్నిటినీ ఒక్క గుంపుగా లాగేశాను. తిరిగి బిగించేటప్పుడు నాన్నగారి పాత పుస్తకంలోని బొమ్మను చూసి, ఒకటో వైరు అక్కడ చూపిన చోట పెట్టి, మిగతావి సిలిండర్లు మండే 1-3-4-2 వరుసలో అపసవ్య దిశగా కలిపాను. ఇప్పుడు సెల్ఫ్ కొడితే ఇంజను అందుకోకపోగా కార్బురేటర్‌లోంచి టప్‌మని పేలుతోంది. బ్యాటరీ దిగిపోతుందని ముందునుంచి హ్యాండిల్ వేసి తిప్పితే అది వెనక్కి తన్నింది, కుడి మణికట్టు వాచింది. ఎక్కడ పొరపాటు చేశానో దయచేసి చెప్పగలరు.

ఆటోనగర్ మేస్త్రి, నెల్లూరు రాసినది:

ముందు చేతి సంగతి చెబుతాను, బండి సంగతి తరువాత. హ్యాండిల్ పట్టుకునేటప్పుడు బొటనవేలిని మిగతా నాలుగు వేళ్ళ పక్కనే ఒకే వైపు ఉంచాలి. పిడికిలి బిగించినట్టు చుట్టూ వేస్తే, ఇంజను వెనక్కి తన్నినప్పుడు చెయ్యి వదిలించుకునే వీలుండదు. పైగా కిందికి నొక్కి తిప్పకూడదు, కింది నుంచి పైకి లాగాలి. మా గురువుగారు పని నేర్పేటప్పుడు పానా చేతికి ఇవ్వకముందే చెప్పిన మాట ఇది.

ఇక బండి విషయానికి వస్తే, డిస్ట్రిబ్యూటర్ మెడ దగ్గర ఉన్న క్లాంపు బోల్టును కొద్దిగా వదులు చేసి, ఒకరు సెల్ఫ్ కొడుతుంటే మరొకరు దానిని అటూ ఇటూ నెమ్మదిగా తిప్పి చూడండి. ఎక్కడో ఒకచోట అందుకుంటుంది. అందుకున్నాక చెవితో సరిచేసుకోవచ్చు. ముప్పై ఏళ్ళుగా మేము చేస్తున్నది అదే.

ఒంగోలు పాతబండి రాసినది:

మేస్త్రి గారి అనుభవానికి గౌరవం ఇస్తూనే ఒక అనుమానం చెబుతున్నాను. ఇది డిస్ట్రిబ్యూటర్ సరిగ్గా సగం చుట్టు తేడాగా కూర్చున్న కేసులా కనిపిస్తోంది. పిస్టన్ పైకి వచ్చినప్పుడల్లా కంప్రెషన్ (గాలి, పెట్రోలు నొక్కుకునే స్ట్రోకు) అని అనుకోవడం వల్ల చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. నాలుగు స్ట్రోకులలో పిస్టన్ రెండుసార్లు పైకి వస్తుంది, అందులో ఒకసారి మాత్రమే మంట అంటుకోవాలి. రెండోసారి పొగ బయటికి పోయే సమయం. డిస్ట్రిబ్యూటర్‌ను తీసి సగం చుట్టు తిప్పి పెట్టి చూడండి.

విశ్రాంత పాలిటెక్నిక్ మాస్టారు రాసినది:

ఒంగోలు మిత్రులు చెప్పిన సూత్రం సరైనదే గాని ఈ ఇంజనుకు ఆ పరిష్కారం వర్తించదు. అంబాసిడర్‌లోని ఈ బీఎంసీ బి-సిరీస్ ఇంజనులో డిస్ట్రిబ్యూటర్ అడుగున ఉండే నాలుక మధ్యలో కాకుండా ఒక పక్కకు జరిగి ఉంటుంది. ఇంజనులోపల అది కూర్చునే గాడి కూడా అలాగే ఒక వైపు పెద్దదిగా, మరొక వైపు చిన్నదిగా ఉంటుంది. కనుక డిస్ట్రిబ్యూటర్‌ను ఎన్నిసార్లు తీసి పెట్టినా అది ఒకే ఒక్క విధంగా కూర్చుంటుంది, సగం చుట్టు తిప్పి పెడదామన్నా లోపలికి దిగదు.

దీనినిబట్టి ఆలోచించండి. ఆదివారం ఉదయం వరకు తిరిగిన బండి ఇది. కావలి మిత్రులు డిస్ట్రిబ్యూటర్‌ను మాత్రమే తీశారు, దానిని తిప్పే లోపలి గేరును ముట్టుకోలేదు. అప్పుడు మారడానికి అవకాశం ఉన్నవి రెండే. ఒకటి, డిస్ట్రిబ్యూటర్ ఒళ్ళు ఎంత తిరిగి ఉందన్నది. రెండు, ఏ వైరు మూత మీది ఏ గొట్టంలో ఉందన్నది. మొదటిది అయితే ఇంజను మొండికేస్తుంది గాని ఇంతగా పేలదు. అందువల్ల నా అనుమానం వైర్ల మీదే ఉంది. మీరు పుస్తకం ప్రకారమే పెట్టారు, నిజమే. అయితే మీ ఇంజను పుస్తకం ప్రకారం ఉందా అన్నది అసలు ప్రశ్న. బోరు పని జరిగినప్పుడు గేరు బయటికి వచ్చి ఉంటుంది.

ఏదీ తిప్పకుండా ముందు ఈ పరీక్ష చేయండి. నాలుగు ప్లగ్గులూ తీసేయండి, ఇంజను చేతికి తేలికగా తిరుగుతుంది. ట్యాపెట్ కవర్ తీసి, రేడియేటర్ వైపు నుంచి లెక్కపెడితే నాలుగోది, అంటే డ్రైవరుకు దగ్గరగా ఉన్న సిలిండర్ వాల్వులను చూస్తూ హ్యాండిల్‌ను నెమ్మదిగా తిప్పండి. ఆ నాలుగో సిలిండర్‌లో ఒక వాల్వు మూసుకుంటూ రెండోది తెరుచుకుంటూ తక్కెడలా ఊగే క్షణం వస్తుంది. ఆ క్షణంలో ఒకటో సిలిండర్ కంప్రెషన్ చివరకు వచ్చి, దాని వాల్వులు రెండూ మూసుకుని ఉంటాయి. ట్యాపెట్ కవర్ తీయడం ఇష్టం లేకపోతే ఒకటో ప్లగ్గు రంధ్రం మీద బొటనవేలు పెట్టి, గాలి వేలిని తోసే సమయం చూసుకోవచ్చు. అక్కడ ఆపి, మూత తీసి, రోటర్ ముక్కు ఎటు చూస్తోందో చెప్పండి.

కావలి అంబాసిడర్ రాసినది:

మాస్టారూ, మీరు చెప్పినట్టే చేశాను. వేలితోనూ, వాల్వులతోనూ రెండు విధాలా చూశాను. రోటర్ ముక్కు ఒకటో వైరు వైపు చూడడం లేదు. సుమారు ఒక గొట్టం అవతల, అంటే పావు చుట్టుకు కొద్దిగా తక్కువ దూరంలో నిలబడింది.

ఇంకొక సంగతి. పాత మూతను పారేయకుండా గోనెసంచిలో వేసి ఉంచాను. ఇప్పుడు బయటికి తీసి కిరోసిన్‌తో తుడిచి చూస్తే, పుస్తకంలో మూడో వైరు ఉండవలసిన గొట్టం పక్కన ఎర్ర పెయింటుతో చిన్న చుక్క కనిపించింది. అది ఒకటో వైరు గుర్తే అయి ఉంటుందని ఇప్పుడు అర్థమవుతోంది. నాలుగేళ్ళుగా ఆ చుక్క నా కళ్ళ ముందే ఉంది.

ఆటోనగర్ మేస్త్రి, నెల్లూరు రాసినది:

మాస్టారి లెక్క సరిపోయింది. షెడ్లలో ఇది జరిగేదే, దాచుకోవలసింది ఏమీ లేదు. బోరు పని తరువాత గేరు పెట్టేటప్పుడు ఒకటి రెండు పళ్ళు తేడా వస్తే, మళ్ళీ గేరు లాగడం ఎందుకని వైర్లను ఒక్కొక్క గొట్టం జరిపేసి, మిగిలిన తేడాను డిస్ట్రిబ్యూటర్ తిప్పి సరిపెడతారు. బండి తిరుగుతుంది, కస్టమరు తీసుకుపోతాడు. ఇంజనుకు ఒకటో వైరు ఏ గొట్టంలో ఉందో తెలియదు కదా. రోటర్ అటు చూసే సమయానికి ఆ సిలిండర్‌లో మంట పడితే చాలు దానికి. రోటర్ చూపిస్తున్న గొట్టంలో ఒకటో వైరు పెట్టి, అక్కడ నుంచి అపసవ్యంగా 3, 4, 2 కలపండి. పది నిమిషాల పని.

కావలి అంబాసిడర్ రాసినది:

కలిపాను, ఒక్క సెల్ఫుకే అందుకుంది. మూడు రోజుల తరువాత ఆ శబ్దం విని మా అమ్మ వంటింట్లోంచి బయటికి వచ్చింది. అయితే పాత లోపం అలాగే ఉంది. యాక్సిలరేటర్ తొక్కితే వేగం అందుకోవడానికి బద్ధకిస్తోంది, సైలెన్సర్ గొట్టం బాగా వేడెక్కుతోంది. అడ్వాన్సు పెంచుదామని, అంటే మంట ఇంకొంచెం ముందుగా పడేటట్టు చేద్దామని, డిస్ట్రిబ్యూటర్‌ను సవ్య దిశగా తిప్పబోతే, కొంచెం తిరిగాక దాని పక్కన ఉన్న గుండ్రటి వాక్యూమ్ డబ్బా ఇంజను బ్లాకుకు ఆనుకుని ఆగిపోతోంది. ఇంతకుముందు కూడా అక్కడే ఆగిపోయి ఉండాలి. ఆ డబ్బా అంచున రాపిడి గీత ఉంది.

పొదిలి ఫియట్ రాసినది:

నాది ప్రీమియర్ పద్మిని, 1089 సీసీ. చర్చ చదువుతున్న పద్మిని మిత్రులకు ఒక హెచ్చరిక. మన ఇంజనుకు కూడా వరుస 1-3-4-2 అయినప్పటికీ, గాడి స్థానం, రోటర్ తిరిగే దిశ వంటివి ఇక్కడ అంబాసిడర్‌కు చెప్పినవి చూసి అలాగే చేయకండి. మూత తీసి, హ్యాండిల్‌తో ఇంజను తిప్పి, రోటర్ ఎటు తిరుగుతుందో కళ్ళతో చూసుకున్న తరువాతే వైర్లు కలపండి. రోటర్ తిరిగే దిశకు ఎదురుగా డిస్ట్రిబ్యూటర్‌ను తిప్పితే అడ్వాన్సు పెరుగుతుంది, అదే దిశలో తిప్పితే తగ్గుతుంది. ఈ ఒక్కటి మాత్రం ఏ బండికైనా మారదు.

విశ్రాంత పాలిటెక్నిక్ మాస్టారు రాసినది:

కావలి మిత్రమా, మేస్త్రి గారు చెప్పినట్టు వైర్లు జరిపితే బండి తిరుగుతుందన్నది నిజమే. దానిని తప్పు అనలేను. కాని మీ సందర్భంలో ఆ సర్దుబాటు సరిపోలేదు. వాక్యూమ్ డబ్బా బ్లాకుకు ఆనడంతో కావలసినంత అడ్వాన్సు ఇవ్వడానికి చోటు లేక, నాలుగేళ్ళుగా మీ బండి ఆలస్యంగా మండుతోంది. మంట ఆలస్యమైతే పిస్టన్ కిందికి దిగుతున్నప్పుడు కూడా వాయువు కాలుతూనే ఉండి, బలం చక్రాలకు పోవలసింది వేడిగా సైలెన్సర్‌కు పోతుంది. కనుక గేరును తీసి సరిగ్గా పెట్టడమే మార్గం. భయపడవలసిన పని కాదు, ఓపిక కావాలి.

డిస్ట్రిబ్యూటర్‌ను బయటికి తీశాక, అది కూర్చునే గూడును ఒక స్క్రూ పట్టుకుని ఉంటుంది. ఆ స్క్రూ తీసి గూడును బయటికి లాగితే లోపల గేరు పైభాగం, దానిలో గాడి కనిపిస్తాయి. గేరు మధ్యలో మర ఉంటుంది. 5/16 అంగుళాల యూఎన్‌ఎఫ్ మర ఉన్న, మూడున్నర అంగుళాల పొడవు బోల్టును అందులో చేత్తో బిగించి, తిప్పుతూ పైకి లాగితే గేరు వస్తుంది. ఈ పని మొదలుపెట్టే ముందు చుట్టుపక్కల మట్టిని బ్రష్షుతో తుడవండి. ఆ రంధ్రంలో ఒక వాషరు పడితే ఆయిల్ చాంబర్ దించవలసి వస్తుంది.

ఒకటో సిలిండర్‌ను కంప్రెషన్ చివర, టీడీసీ (పిస్టన్ పూర్తిగా పైకి వచ్చిన స్థానం) దగ్గర ఉంచండి. గేరును బోల్టుతో పట్టుకుని, గాడి దాదాపు అడ్డంగా ఉండేటట్టు, కుడి కొస గడియారంలో మూడు గంటల గీతకు కొద్దిగా కిందుగా ఉండేటట్టు, గాడికి రెండు పక్కలా ఉన్న ముక్కలలో పెద్దది పైవైపు ఉండేటట్టు చూసుకుని లోపలికి దింపండి. గేరు పళ్ళు ఏటవాలుగా ఉంటాయి కనుక, క్యామ్‌షాఫ్టు పళ్ళతో కలుస్తూ అది దానంతట అదే అపసవ్యంగా తిరుగుతుంది. పూర్తిగా దిగేసరికి గాడి సుమారు ఒంటిగంట దగ్గర నిలవాలి. పన్నెండు దగ్గరో రెండు దగ్గరో నిలిస్తే ఒక పన్ను తేడా వచ్చినట్టే, మళ్ళీ తీసి పెట్టండి. మొదటిసారే కుదిరితే అదృష్టం.

ఒంగోలు పాతబండి రాసినది:

నా సగం చుట్టు సలహాను వెనక్కి తీసుకుంటున్నాను మాస్టారూ. నా పాత జీపులో అలా జరిగింది గనుక అన్నిటికీ అదే అనుకున్నాను.

కావలి అంబాసిడర్ రాసినది:

గేరు మూడోసారికి కుదిరింది. మొదటిసారి పన్నెండు దాటి నిలిచింది, రెండోసారి బోల్టు చేతిలో జారి తిరిగిపోయింది. ఇప్పుడు ఒకటో వైరు పుస్తకంలో చూపిన గొట్టంలోనే ఉంది, వాక్యూమ్ డబ్బాకూ బ్లాకుకూ మధ్య మూడు వేళ్ళు పట్టేంత చోటు వచ్చింది.

టైమింగు (మంట పడే సమయం) కోసం ముందుగా పాయింట్ల గ్యాపును ఫీలర్ గేజితో 15 థౌకి (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) పెట్టాను. ఆ తరువాత గుర్తులు వెతికితే, టైమింగ్ కవర్ మీది సూచికలు పుల్లీ అడుగున, క్రాస్ మెంబర్‌కు దగ్గరగా ఉన్నాయి. బండి కింద పడుకుని చూసినా పుల్లీ మీది గంటు మసిలో కలిసిపోయి కనిపించలేదు. మా అమ్మ తమలపాకుల పెట్టెలోని సున్నం కొద్దిగా అగ్గిపుల్ల కొసకు తీసుకుని ఆ గంటులో మెత్తాను. ఇప్పుడు టార్చి వేస్తే తెల్లగా మెరుస్తోంది. మూడు సూచికలు ఉన్నాయి, వాటిలో ఒకటి పొడవుగా ఉంది. దేనిని పట్టుకోవాలి? దీపంతో చూసే పద్ధతి కూడా ఒకసారి వివరంగా చెప్పగలరా?

విశ్రాంత పాలిటెక్నిక్ మాస్టారు రాసినది:

పొడవైనది టీడీసీ. మిగిలిన రెండూ దానికి 5 డిగ్రీలు, 10 డిగ్రీల ముందువి. మొదలుకు 5 దగ్గర పెట్టుకోండి. ఇంజనును ఎప్పుడూ అది తిరిగే దిశలోనే, అంటే ముందు నిలబడి చూస్తే సవ్యంగా తిప్పుతూ ఆ సూచిక దగ్గరకు తీసుకురండి. పొరపాటున దాటిపోతే గంటును సూచిక వరకు మాత్రమే వెనక్కి తెచ్చి ఆపకండి. బాగా వెనక్కి, పావు చుట్టుకు పైగా తిప్పి, మళ్ళీ ముందుకు రండి. లేకపోతే టైమింగ్ చైను వదులు, గేరు పళ్ళ మధ్య ఆట కలిసి మీ లెక్కను తప్పిస్తాయి.

కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కు వచ్చే సన్న వైరు ఉన్న టెర్మినల్‌కు 12 వోల్టుల బల్బు వైరు ఒకటి, రెండోది ఇంజను బాడీకి పెట్టి తాళం ఆన్ చేయండి. పాయింట్లు మూసుకుని ఉన్నంతసేపు కరెంటు వాటి గుండా భూమికి పోతుంది కనుక బల్బు వెలగదు. అవి విడిపోయిన క్షణాన బల్బు వెలుగుతుంది. మంట పడే క్షణం కూడా అదే. క్లాంపు వదులు చేసి, డిస్ట్రిబ్యూటర్‌ను ముందు అపసవ్యంగా జరిపి బల్బు ఆర్పి, తరువాత సవ్యంగా వెంట్రుక వాసి చొప్పున తిప్పుతూ బల్బు వెలిగిన చోట ఆపి బిగించండి. క్లాంపును గట్టిగా నొక్కి బిగిస్తే మెడ పగులుతుంది. పని అయిపోగానే తాళం ఆపండి, పాయింట్లు మూసుకుని ఉంటే కాయిల్ వేడెక్కుతుంది.

పాయింట్ల గ్యాపు ముందు, టైమింగు తరువాత అన్న వరుసను మీరు సరిగ్గా పాటించారు. గ్యాపు పెంచితే పాయింట్లు ముందుగా విడిపోయి అడ్వాన్సు పెరుగుతుంది, తగ్గితే వెనుకబడుతుంది. టైమింగు పెట్టాక గ్యాపు మారిస్తే చేసిన పని అంతా వృథా.

ఆటోనగర్ మేస్త్రి, నెల్లూరు రాసినది:

బల్బు లేని చోట మేము బీడీ కట్ట లోపలి పలుచని కాగితం ముక్కను పాయింట్ల మధ్య పెట్టి, మెల్లగా లాగి పట్టుకునేవాళ్ళము. కాగితం జారిన క్షణమే పాయింట్లు విడిన క్షణం. బల్బుతో పోల్చి చూసుకుంటే పెద్ద తేడా రాలేదు.

పాయింట్లు బిగించేటప్పుడు ఆ చిన్న ప్లాస్టిక్ వాషర్ల వరుస జాగ్రత్త తమ్ముడూ. కండెన్సర్ వైరు, లోపలి వైరు రెండూ పాయింటు స్ప్రింగుకే తగలాలి, వాటిని పట్టే నట్టు గాని, కిందున్న పిన్ను గాని వైర్లతో కలవకూడదు. అక్కడ వరుస తప్పితే కరెంటు ఎప్పుడూ భూమికే పోతూ ఒక్క నిప్పురవ్వ కూడా రాదు, మనిషి మాత్రం కాయిల్ పోయిందనుకుని కొత్త కాయిల్ కొంటాడు.

కావలి అంబాసిడర్ రాసినది:

బల్బు పద్ధతిలో పెట్టి, నిన్న నలుగురం ఎక్కి 16వ నంబరు జాతీయ రహదారి మీద నెల్లూరు వరకు వెళ్ళి వచ్చాము. బండి మారిపోయింది. నాన్నగారు వెనక సీట్లో కూర్చుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, పెన్నా వంతెన దాటాక మాత్రం "ఇప్పుడు మన బండిలా ఉంది" అన్నారు.

అయితే ఒక ఫిర్యాదు మిగిలింది. టాప్ గేరులో నలభై వేగం దగ్గర యాక్సిలరేటర్‌ను ఒక్కసారిగా తొక్కితే గాజుసీసాలో గులకరాళ్ళు ఆడించినట్టు శబ్దం వస్తోంది. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఇంకా స్పష్టంగా వినిపించింది. మన సముద్రపు ఒడ్డు ఊళ్ళలో ఎత్తు అంటే ఫ్లైఓవరే కదా.

ఒంగోలు పాతబండి రాసినది:

అది అడ్వాన్సు ఎక్కువైన శబ్దమే. ఇప్పుడు వస్తున్న ఇథనాల్ కలిపిన పెట్రోలుకు ఆక్టేన్ ఎక్కువ కనుక అడ్వాన్సు ఎంత పెంచినా తట్టుకుంటుందని కొందరు చెబుతున్నారు. దానిని నమ్మి పెంచకండి. ఇథనాల్ వల్ల పాత రబ్బరు గొట్టాలు మెత్తబడే సమస్య వేరే ఉంది, దానిని ఈ చర్చలో కలపను.

విశ్రాంత పాలిటెక్నిక్ మాస్టారు రాసినది:

5 డిగ్రీల దగ్గర ఆ శబ్దం రాకూడదు. స్టాటిక్ టైమింగు (ఇంజను ఆగి ఉండగా పెట్టినది) కాకుండా, వేగంతోపాటు పెరిగే అడ్వాన్సు అదుపు తప్పి ఉండవచ్చు. పాయింట్ల ప్లేటు కింద రెండు బరువులు, వాటిని పట్టుకునే రెండు స్ప్రింగులు ఉంటాయి. ఇంజను వేగం పెరిగేకొద్దీ బరువులు బయటికి విచ్చుకుని క్యామ్‌ను ముందుకు తిప్పుతాయి. స్ప్రింగు సాగిపోయినా తెగినా తక్కువ వేగంలోనే అడ్వాన్సు అంతా వచ్చేస్తుంది. రోటర్‌ను చేత్తో అపసవ్యంగా కొద్దిగా తిప్పి వదలండి, అది చురుకుగా వెనక్కి రావాలి. వాక్యూమ్ డబ్బాకు వచ్చే గొట్టాన్ని కార్బురేటర్ వైపు నుంచి ఊడదీసి నోటితో పీల్చి చూడండి. పాయింట్ల ప్లేటు కదిలి, నాలుకతో గొట్టం మూసినంతసేపు అక్కడే నిలవాలి.

కావలి అంబాసిడర్ రాసినది:

వాక్యూమ్ డబ్బా బాగానే ఉంది, పీల్చితే ప్లేటు నిలిచింది. రోటర్ మాత్రం వెనక్కి రాకుండా తిప్పిన చోటే ఆగిపోయింది. ప్లేటు విప్పి చూస్తే ఒక స్ప్రింగు కొక్కెం విరిగి, బరువుల కింద గ్రీజు తారులా గడ్డకట్టి ఉంది. ఆటోనగర్‌లో పాత డిస్ట్రిబ్యూటర్ ఒకటి కొని దాని స్ప్రింగుల జత వేశాను. రెండు స్ప్రింగుల లావు ఒకేలా లేకపోతే మొదట తప్పు జత ఇచ్చారేమో అనుకున్నాను. మేస్త్రి గారికి ఫోటో పంపితే, ఒకటి సన్నగా, ఒకటి లావుగా ఉండడమే సరి అని చెప్పారు.

ఇప్పుడు ఆ గులకరాళ్ళ శబ్దం ఫ్లైఓవర్ మీద, నలుగురు ఎక్కినప్పుడు మాత్రం ఒక్క క్షణం వినిపించి ఆగిపోతోంది.

ఆటోనగర్ మేస్త్రి, నెల్లూరు రాసినది:

ఆ ఒక్క క్షణానికి క్లాంపును విప్పకండి. వాక్యూమ్ డబ్బా పక్కన గరుకు అంచు ఉన్న చిన్న నట్టు ఉంటుంది, దానిని వేళ్ళతో తిప్పితే టిక్కు టిక్కుమంటుంది. ఆర్ అన్న అక్షరం వైపు తిప్పితే మంట వెనుకబడుతుంది, ఏ (A) అన్న అక్షరం వైపు తిప్పితే ముందుకు వస్తుంది. పదకొండు టిక్కులకు సుమారు ఒక డిగ్రీ. ఆర్ వైపు పదకొండు తిప్పి, మళ్ళీ ఫ్లైఓవర్ ఎక్కి చూడండి.

కావలి అంబాసిడర్ రాసినది:

ఇరవై రెండు టిక్కులు తిప్పాక శబ్దం పూర్తిగా పోయింది. లాగుడు తగ్గలేదు. పాయింట్లు మళ్ళీ ఎప్పుడు చూసుకోవాలి?

విశ్రాంత పాలిటెక్నిక్ మాస్టారు రాసినది:

కొత్త పాయింట్లకు క్యామ్‌ను రాసుకునే ఫైబరు ముక్క మొదట్లో త్వరగా అరుగుతుంది, దానితో గ్యాపు తగ్గి టైమింగు వెనుకబడుతుంది. ఐదు వందల కిలోమీటర్ల తరువాత ఒకసారి గేజి పెట్టి చూసి, 15 థౌకి సరిచేసి, బల్బుతో టైమింగు మళ్ళీ పరీక్షించండి. క్యామ్ మీద గోటి కొసకు వచ్చినంత గ్రీజు, రోటర్ తీసి దాని కింద స్క్రూ మీద రెండు చుక్కల ఇంజను ఆయిల్ వేయండి. పాయింట్ల మీద మాత్రం చుక్క కూడా పడనీయకండి.